ఇన్వర్ట్ రాకపోతే చేతుల్ని తిట్టకండి, భుజాల్ని అడగండి

ప్రశ్న: వయసు 31, బరువు 62 కిలోలు. హైదరాబాద్‌లో నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు పోల్ డాన్స్ క్లాసుకు వెళ్తున్నాను. స్పిన్‌లు, పోల్ మీద కూర్చోవడం, పైకి ఎక్కడం వచ్చాయి. తలకిందులు కావడం (ఇన్వర్ట్) మాత్రం రావట్లేదు. కాళ్లు నడుము ఎత్తు దాకా లేస్తాయి, అక్కడితో చేతులు జారిపోతాయి. మా బ్యాచ్‌లో కొందరు ఎగిరి, కాలు విసిరి పైకి వెళ్లిపోతున్నారు. నేనూ అలా ప్రయత్నించాను. రెండు వారాలుగా కుడి మోచేయి లోపలి వైపు నొప్పి. కొన్నాళ్లు మానేసి, జిమ్‌లో చేతులు బలపడ్డాక మళ్లీ రావాలా? గ్రిప్ కోసం ఏ క్రీమ్ కొనాలి?

సమాధానం:

ముందు మోచేయి సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని తర్వాతే.

వేళ్లను మడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. మోచేయి లోపలి వైపు చేతికి తగిలే ఎముక బుడిపె ఉంది చూశారూ, మణికట్టునీ వేళ్లనీ మడిచే కండరాలు చాలావరకు అక్కడే పుడతాయి. పోల్‌ని పిండిన ప్రతిసారీ ఆ బుడిపె మీద లాగుడు పడుతుంది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కి నెలలు పడుతుంది. కాబట్టి మూడో నెలలోనో నాలుగో నెలలోనో, 'అబ్బ, ఇప్పుడు బలం వచ్చింది' అనిపించే సమయానికే మోచేయి మొరాయిస్తుంది. దీన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు. జీవితంలో గోల్ఫ్ కర్ర ముట్టని నాకు రెండుసార్లు వచ్చింది.

పూర్తిగా మానేయక్కర్లేదు. రెండు మూడు వారాలు ఇన్వర్ట్ ప్రయత్నాలు, ఒంటిచేత్తో వేలాడే స్పిన్‌లు ఆపండి. నేల మీద చేసేవి, కాళ్లతో పట్టుకునేవి చేసుకోవచ్చు. రోజు విడిచి రోజు, ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి పెట్టి, కిలో బరువు పట్టుకుని మణికట్టును చాలా నెమ్మదిగా కిందికి దించండి. దించడానికి నాలుగైదు సెకన్లు పట్టాలి. పైకి తెచ్చేటప్పుడు రెండో చేత్తో సాయం చేసుకోండి. 12 సార్లు, మూడు విడతలు. కిలో బరువు అంటే డంబెల్ కొననక్కర్లేదు, లీటరు నీళ్ల సీసా చాలు. కొద్దిగా నొప్పి తెలిస్తే ఫర్వాలేదు. మర్నాడు పొద్దునకి నొప్పి ఎక్కువైతే మాత్రం బరువు తగ్గించండి. చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా, నెల దాటినా తగ్గకపోయినా ఫిజియోథెరపిస్టుకు చూపించండి. నేను డాక్టర్ని కాను. నాది విజయవాడ. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో పోల్ చేస్తున్నాను, చివరి ఐదేళ్లు వారాంతాల్లో కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

ఇక అసలు విషయం. కాళ్లు నడుము దాకా లేచాక చేతులు జారుతున్నాయని రాశారు. అంటే గ్రిప్ లేదని మీ లెక్క. కానీ మీరు పోల్ ఎక్కగలుగుతున్నారు, స్పిన్‌లో మీ బరువు మొత్తం చేతుల మీదే మోస్తున్నారు. గ్రిప్ లేనివాళ్లకు అవి రావు. మీ చేతులు జారేది వాటి పని చేతకాక కాదు, భుజాల పని కూడా వాటి నెత్తిన పడి. భుజాలు చెవుల దాకా లేచిపోయి, మోచేతులు చాచుకుపోయి ఉన్నప్పుడు శరీరం పోల్‌కి దూరంగా వేలాడుతుంది. ఆ దూరం ఎంత పెరిగితే వేళ్లు అంత గట్టిగా పిండాలి. పది సెకన్లు పిండితే ముంజేయి మండుతుంది, చెమట పడుతుంది, జారుతుంది. చూసేవాళ్లకు అది గ్రిప్ సమస్యలాగే కనిపిస్తుంది.

ఏతం ఎప్పుడైనా చూశారా? బావి గట్టున పొడుగాటి దూలం, ఒక కొసన బాన. దూలం మీద మనిషి అటు నడిస్తే అటువైపు దిగుతుంది, ఇటువైపు లేస్తుంది. నీళ్లతో నిండిన బానను ఎవరూ జబ్బల బలంతో పైకి లాగరు. ఇన్వర్ట్ కూడా ఏతమే. చేతులు పట్టుకున్న చోటు ఇరుసు. తల, భుజాలు వెనక్కి వాలితేనే కాళ్ల వైపు లేస్తుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది నిటారుగా నిలబడి, గడ్డాన్ని పోల్‌కి అతికించి, కాళ్లను మాత్రమే పైకి లాగాలని చూస్తారు. మనిషి బరువులో రెండు కాళ్లూ కలిపి దాదాపు మూడో వంతు ఉంటాయి. మీ లెక్కన 20 కిలోలు. 20 కిలోల బియ్యం బస్తాను పొట్ట కండరాలతో గాల్లోకి లేపమన్నట్టు! అది ఎవరికీ సులువుగా రాదు. వాలడానికి భయం, అందుకే వాలం. భయం తప్పు కాదు, తల కిందికి పోతుంటే మెదడు అరవడం దాని ఉద్యోగం. ఆ అరుపు తగ్గే మార్గాలు కింద చెబుతాను.

మోకాళ్లు ముడుచుకోమని ట్రైనర్లు ఎందుకు చెబుతారో కూడా ఇందులోనే ఉంది. కాళ్లు చాపితే బరువు ఇరుసుకు దూరమవుతుంది, ముడిస్తే దగ్గరవుతుంది. నీళ్ల బిందెను చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడా. సినిమాటిక్‌గా కాళ్లు తిన్నగా చాపి మెల్లగా లేపడం చూడముచ్చటగా ఉంటుంది, అది రెండో ఏడాది పని.

ఇప్పుడు కాలు విసరడం గురించి. నేనూ అలాగే మొదలుపెట్టాను. అప్పట్లో నేను వెళ్లిన చోట 'ఒక్కసారి తన్ను, వెళ్లిపోతావు' అనేవాళ్లు. వెళ్లిపోయాను కూడా, రెండో నెలలోనే. ఫోటో తీసుకుని మురిసిపోయాను. దిగడం రాలేదు. పైకి వెళ్లేటప్పుడు ఊపు మోసింది, కిందికి వచ్చేటప్పుడు మోసేవాళ్లు ఎవరూ లేరు. భుజం మీద ధడేల్మని పడ్డాను. మెడకు ఏమీ కాకపోవడం నా అదృష్టం. మోచేయి, భుజం కలిపి పది వారాలు ఇంట్లో కూర్చోబెట్టాయి. తర్వాత మొదటి నుంచి నేర్చుకుంటే శుభ్రమైన ఇన్వర్ట్ రావడానికి మొత్తం 11 నెలలు పట్టింది. అందుకే నా క్లాసులో నియమం ఒకటే: నెమ్మదిగా దిగలేని చోటికి ఎక్కకూడదు. మీ బ్యాచ్‌వాళ్లు ముందున్నారని కంగారు పడకండి. వాళ్లను ఆరంగుళాలు కూడా ఎగరకుండా చెయ్యమనండి, ఎంతమంది మిగులుతారో చూడండి.

జిమ్‌కి వెళ్లి బలం వచ్చాక రావాలా అన్నారు. వద్దు. జిమ్ మంచిదే, కానీ పోల్‌ని మాని అక్కడికి వెళ్లకండి. డంబెల్ పట్టుకునే కడ్డీ సుమారు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పోల్ 45. పైగా అది అడ్డంగా ఉంటుంది, ఇది నిలువుగా. చర్మానికీ లోహానికీ మధ్య జరిగే తగువు జిమ్‌లో నేర్చుకోలేం. వారానికి రెండు క్లాసులతో పాటు ఇంట్లో రెండు రోజులు, ఒక్కో రోజు 25 నిమిషాలు. ఇది చాలు.

ఇంట్లో చేసేవాటిలో మొదటిది వేలాడటం. తలుపు చట్రానికి బిగించే కడ్డీ ఉంటే మంచిది, లేకపోతే పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు ఉన్నాయిగా. కడ్డీ పట్టుకుని ఊరికే వేలాడండి, 20 సెకన్లు. తర్వాత మోచేతులు మడవకుండా భుజాలను మాత్రమే కిందికి లాగండి. మెడ పొడుగవుతున్నట్టు, చెవులకూ భుజాలకూ మధ్య దూరం పెరుగుతున్నట్టు ఉండాలి. శరీరం రెండంగుళాలు లేస్తుంది, అంతే. చూసేవాళ్లకు ఏమీ చేస్తున్నట్టు ఉండదు. రెండు సెకన్లు పట్టి ఉంచి వదలండి. ఎనిమిదిసార్లు, మూడు విడతలు. నన్నడిగితే ఇన్వర్ట్‌కి సంబంధించి దీనికి మించిన కసరత్తు లేదు. ఏ పుల్ అప్ అయినా, ఏ ఇన్వర్ట్ అయినా మొదలయ్యేది ఈ రెండంగుళాలతోనే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా మోచేతులు మడుస్తారు, అప్పుడు భారమంతా జబ్బల మీదికీ మోచేతుల మీదికీ పోతుంది. మీ మోచేతి నొప్పికి మూలం ఇదేనని నా అనుమానం.

రెండోది పొట్ట. క్రంచెస్ వందలు కొట్టక్కర్లేదు. వెల్లకిలా పడుకుని, నడుము వంపు నేలకు పూర్తిగా ఆనేలా పొట్ట బిగించి, భుజాలూ కాళ్లూ నేల నుంచి కొంచెం లేపి 20 సెకన్లు ఉండటం ఒకటి. కాళ్లు చాపితే నడుము నేల నుంచి లేస్తుందా? మోకాళ్లు ముడవండి. ఇంకొకటి, బరువైన మంచం కాలో సోఫా కాలో తల వెనక పట్టుకుని, మోకాళ్లను గుండెకు తెచ్చి, పిరుదులను నేల నుంచి పైకి చుట్టుకుంటూ లేపడం, తర్వాత వెన్ను ఒక్కో పూస నేలకు తగులుతున్నట్టు దించడం. లేపడం కన్నా దించడం ముఖ్యం. ఇన్వర్ట్‌లో కావాల్సింది ఈ చుట్టుకోవడమే. కాళ్లు లేవడం కాదు, పిరుదులు చేతుల ఎత్తుకు లేవడం.

ఇక పట్టు. గ్రిప్ కోసం ఇంటర్నెట్‌లో అమ్మే స్ప్రింగు పనిముట్లు చాలా ఉన్నాయి. నేను రెండు కొన్నాను, ఒకటి మా అబ్బాయి బొమ్మల పెట్టెలో ఉంది. మన ఇళ్లలో ఉన్నవి వాటికన్నా మేలు. రెండు బకెట్ల నిండా నీళ్లు పట్టి బాల్కనీకీ బాత్‌రూమ్‌కీ మధ్య నడవండి, భుజాలు కిందికి దించి, వెన్ను నిటారుగా. మామూలు బకెట్‌లో 15 లీటర్ల దాకా పడతాయి, కాబట్టి మొదట సగమే నింపండి. కడ్డీ మీద తువ్వాలు వేసి దాని రెండు కొసలూ పట్టుకుని వేలాడటం పోల్ పట్టుకు బాగా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే పట్టు నిలువుగా ఉంటుంది, మందంగానూ ఉంటుంది. ఇది మోచేయి నయమయ్యాకే. తడి దుప్పటి పిండటం కూడా కసరత్తే, మన అమ్మమ్మల ముంజేతులు ఊరికే అలా లేవు.

బియ్యం డబ్బా సంగతి చెప్పకపోతే తప్పు. కొండలెక్కేవాళ్లు వాడే పాత చిట్కా ఇది. లోతైన డబ్బాలో బియ్యం పోసి, మణికట్టు దాకా చెయ్యి ముంచి, లోపల వేళ్లు బలంగా విప్పండి, ముడవండి, మణికట్టు అటూ ఇటూ తిప్పండి. ఒక్కో చేతికి నిమిషం. విప్పడం ఎందుకంటే మనం రోజంతా ముడిచే పనే చేస్తాం: పోల్, ఫోను, మౌసు, బండి హ్యాండిల్. వేళ్లు విప్పే కండరాలు వెనకబడితే ముడిచేవి కూడా పూర్తి బలంతో పనిచేయవు, మోచేయి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. బియ్యం వద్దనుకుంటే ఐదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి విప్పండి. ఆ బియ్యం వండుకోవచ్చా అని ఒకమ్మాయి అడిగింది. చెమటకు జారకుండా చాక్ పొడి పూసుకున్న చెయ్యి ముంచకపోతే వండుకోవచ్చు.

ఇప్పుడు పోల్ దగ్గరికి వద్దాం. మొదట పట్టుకుని నిలవడం. పోల్ మీ చంకకూ పక్కటెముకలకూ ఆని ఉండాలి. రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి, గుండెకూ గడ్డానికీ మధ్య ఎత్తులో. బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోండి. భుజాలు కిందికి లాగి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా తెచ్చి, అప్పుడు రెండు పాదాలూ నేల నుంచి ఎత్తండి. ఎగరకూడదు, కేవలం కాళ్లు తీసేయడమే. ఐదు సెకన్లు నిలిస్తే మీరు దారిలో ఉన్నట్టే. మా క్లాసులో పది సెకన్లు, రెండు వైపులా, మూడుసార్లు నిలవగలిగినవాళ్లకే తర్వాతి మెట్టు. అది వచ్చాక అదే పట్టులో మోకాళ్లను గుండెకు తెచ్చి నెమ్మదిగా దించడం. మూడు చేయగలిగితే చాలు, పది అక్కర్లేదు.

నేల మీద ఇన్వర్ట్ అని ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టం. పోల్ పక్కన వెల్లకిలా పడుకోండి, పోల్ మీ భుజానికి తగులుతూ ఉండాలి. నిలబడి పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు ముడిచి, పిరుదులు పైకి చుట్టి, కాళ్లను పోల్‌కి అటొకటి ఇటొకటి వచ్చేలా వి ఆకారంలో తెరవండి. మీరు నిలబడి చేయాల్సిన ఇన్వర్ట్ మొత్తం ఇదే, నేల బరువు మోస్తోంది కాబట్టి భయం ఉండదు, పడే చోటు లేదు. ఏ క్షణంలో ఏది కదలాలో శరీరానికి ఇక్కడే తెలుస్తుంది. చివర ఆ వి ఆకారాన్ని చాపర్ అంటాం. మోచేయి నొప్పి తగ్గుతున్న మూడో వారం నుంచి దీన్ని మొదలుపెట్టవచ్చు, పట్టు వదులుగా ఉంచి.

తలకిందుల భయానికి మందు మీకు ఇప్పటికే వచ్చిన దాంట్లోనే ఉంది. పోల్ మీద కూర్చోవడం వచ్చన్నారు కదా. తొడలతో గట్టిగా బిగించి, కింద మ్యాట్ వేసుకుని, పక్కన ట్రైనర్‌ని నిలబెట్టి, చేతులు పోల్ మీదే ఉంచి కొద్దికొద్దిగా వెనక్కి వాలండి. మొదటి రోజు పైకప్పు కనపడేంత. తర్వాత వెనక గోడ కనపడేంత. వారం వారం ఇంకొంచెం. ఊపిరి బిగబట్టకండి, కొత్తవాళ్లంతా బిగబడతారు. గట్టిగా లెక్కపెడుతూ వాలమంటాను నేను, పైకి లెక్క పెడుతున్న మనిషికి ఊపిరి బిగబట్టడం కుదరదు. తెలుగులోనే లెక్కపెట్టండి, 'పదకొండు' దగ్గరికి వచ్చేసరికి నవ్వు వస్తుంది, బిగుసుకున్న మెడ వదులవుతుంది.

ఆ తర్వాతే దిగడం. ట్రైనర్ నడుము దగ్గర పట్టుకుని మిమ్మల్ని చాపర్‌లోకి లేపుతారు. మీ పని ఒక్కటే: మోకాళ్లు ముడుచుకుని, నాలుగైదు సెకన్లలో నేలకు రావడం. కండరం దించేటప్పుడు ఎక్కువ బరువు మోయగలదు, కాబట్టి లేవలేని చోటు నుంచి కూడా దిగగలరు. మూడు సార్లు చాలు, ఎందుకంటే మర్నాడు ఒళ్లు నొప్పులు దీనికే ఎక్కువ. నెమ్మదిగా దిగడం వచ్చిన మూడు నాలుగు వారాల్లో ఒక రోజు అనుకోకుండా పైకి వెళ్లిపోతారు. నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి అలాగే వచ్చింది, పెద్ద ప్రయత్నం చేసిన రోజు కాదు, మామూలు మంగళవారం నాడు.

ప్రతిదీ రెండు వైపులా చేయండి, బలహీనమైన వైపుతో మొదలుపెట్టండి. విసుగ్గా ఉంటుంది. చేయండి.

ఎక్కడం గురించి ఒక మాట. మా అమ్మమ్మగారి ఊళ్లో తాటిచెట్లెక్కే గీత కార్మికుడు ఒకాయన ఉండేవాడు, నడుము చుట్టూ మోకు, పాదాలకు తాడు బంధం. చేతులతో తనను తాను లాక్కున్నట్టు ఎప్పుడూ కనపడలేదు. పాదాలు మానును పట్టుకునేవి, కాళ్లు తోసేవి, చేతులు మోకును పైకి జరిపేవి. మీరు ఎక్కేటప్పుడు మూడో మెట్టుకే ముంజేతులు మండుతుంటే చేతులతో లాక్కుంటున్నారన్నమాట. పాదంతో, మోకాలితో పోల్‌ని నొక్కిపట్టి నిలబడండి. అక్కడ మిగిలిన బలమే ఇన్వర్ట్‌కి పనికొస్తుంది.

క్రీముల సంగతికి వచ్చాం. కొనేముందు మీ చర్మం ఎలాంటిదో చూసుకోండి. చేతులకు చెమట పట్టి జారేవాళ్లకు ఆరబెట్టేవి కావాలి: లిక్విడ్ చాక్, లేదా డ్రై హ్యాండ్స్ లాంటి ద్రవం. చర్మం మరీ పొడిగా ఉండి జారేవాళ్లకు జిగురుగా ఉండేవి కావాలి. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయకపోవడానికి కారణం ఇదే. చెమట మనిషి జిగురు క్రీమ్ రాసుకుంటే జిగురూ చెమటా కలిసి సబ్బులా అవుతుంది. మీరు ఫోను తెర మీద చెయ్యి పెట్టి తీస్తే తడి మరక పడుతుందా? అయితే చాక్. చిటికెడంత చాలు, చేతులు తెల్లగా పిండిలో ముంచినట్టు ఉండక్కర్లేదు, ఎక్కువైతే అదే జారుతుంది.

కానీ క్రీమ్‌కన్నా ముందు చూడాల్సింది నూనె. క్లాసు రోజు, వీలైతే ముందు రోజు కూడా, ఒంటికి లోషన్, వ్యాసలిన్ వద్దు. తలకు కొబ్బరినూనె పెట్టుకుని వచ్చి, జడ ముడి వేసుకున్న చేతులతో పోల్ పట్టుకునేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. తర్వాత ఎక్కినవాళ్లంతా జారతారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు పోసి పోల్‌ని తుడవండి, చేతులు కూడా సబ్బుతో కడుక్కోండి. ఇంకో సంగతి: చల్లటి పోల్ జారుతుంది. డిసెంబరు పొద్దున ఏడు గంటల క్లాసులో మొదటి పది నిమిషాలు ఎవరికీ ఏదీ రాదు. లోహం, చేతులు రెండూ కాస్త వెచ్చబడాలి.

పోల్ కూడా తేడా చేస్తుంది. ఎక్కువ స్టూడియోల్లో 45 మిల్లీమీటర్లది ఉంటుంది, అంటే చుట్టుకొలత 14 సెంటీమీటర్ల పైచిలుకు. పాతవి 50 ఉంటాయి, ఆ ఐదు మిల్లీమీటర్లు చిన్న చేతులకు బాగా తెలుస్తాయి. పట్టుకున్నప్పుడు బొటనవేలు నడిమివేలిని అందుకోకపోతే మీది చిన్న చెయ్యే. 40వి కూడా దొరుకుతాయి. క్రోమ్ పూతది మామూలు, ఇత్తడిది ఎక్కువ పట్టునిస్తుంది, మన ఉక్కపోతకు అదే నయం. చేతులకు దద్దుర్లు వస్తుంటే క్రోమ్ పూత కింది నికెల్ పడట్లేదేమో చూసుకోండి, అలాంటివాళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్ వాడతారు. సరదాకి చెబుతున్నాను, స్తంభం మీద కసరత్తులు చేసే మన మల్లఖంబంలో ఆ చెక్క స్తంభానికి ఆముదం పూస్తారు. మనం నూనె చుక్క పడితే గోల చేస్తాం, వాళ్లు ఒరుసుకుపోకుండా ఉండటానికి నూనే పూస్తారు. అది వేరే విద్య. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లోనే దాని ప్రస్తావన ఉందంటారు. ఇంట్లోవాళ్లు 'ఇదేం డాన్స్' అన్నప్పుడు మా విద్యార్థులు కొందరు ఈ మల్లఖంబాన్ని అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. ఇప్పటి పోల్ విద్యలో చాలా కదలికలు విదేశాల క్లబ్బుల్లో ఆడిన ఆడవాళ్లు కనిపెట్టినవే. వాళ్ల పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసేయండి. మంగళసూత్రం తీయాలా అని అడగడానికి మొహమాటపడి చీరపిన్నుతో టీషర్టుకు గుచ్చుకుని వచ్చినావిడ ఉంది. తలకిందులైనప్పుడు గొలుసు ముఖం మీదికి జారి పోల్‌కీ మెడకీ మధ్య ఇరుక్కుంటుంది, పిన్ను ఇంకా ప్రమాదం. తీసి పర్సులో పెట్టుకోండి. మెట్టెలు కూడా, ఎక్కేటప్పుడు వాటి వల్ల పాదం జారవచ్చు.

బీపీ మందులు వాడుతున్నా, గ్లాకోమా లేదా రెటీనా సమస్య ఉన్నా, గర్భం అయినా, ఈ మధ్య మెడకో భుజానికో దెబ్బ తగిలినా, డాక్టర్‌ని అడగకుండా తలకిందులు కావద్దు. తల కిందికి పోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. భోజనం చేసి కనీసం రెండు గంటలు ఆగండి, పెరుగన్నం తిన్న వెంటనే వచ్చినవాళ్ల అనుభవం ఇక్కడ రాయలేను. ఇంట్లో ఒంటరిగా ఇన్వర్ట్ ప్రాక్టీసు అసలే వద్దు. స్టూడియోలో కూడా పరుపు మందపు మ్యాట్ కింద ఉండాలి, యోగా మ్యాట్ లెక్కలోకి రాదు. ట్విస్టెడ్ గ్రిప్ అని మణికట్టు మెలిపెట్టి పట్టుకునే పద్ధతి ఎవరైనా చూపిస్తే ఈ ఏడాదికి దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోండి.

ఎంతకాలం పడుతుందంటారా? మీకున్న పునాదికి, మోచేయి సహకరిస్తే, మూడు నాలుగు నెలలు. మొదటి మూడు వారాలు మోచేతికి వైద్యం, వెనక్కి వాలడం, పొట్ట. నొప్పి తగ్గుతుంటే మూడో వారంలో వదులు పట్టుతో నేల ఇన్వర్ట్. వేలాడటం, బకెట్లు నాలుగో వారం నుంచి, పోల్ పట్టుకుని నిలవడం ఆ తర్వాత. రెండు నెలలు దాటాక సాయంతో దిగడం. ఈ వారాల లెక్క రాతిలో చెక్కింది కాదు. పది సెకన్లు నిలవడం రాకపోతే అక్కడే ఉండండి. ఇన్వర్ట్ ప్రయత్నాలు క్లాసుకు ఐదుకు మించొద్దు, అదీ మొదట్లో, చేతులు తాజాగా ఉన్నప్పుడు. క్లాసు చివర్లో 'ఇంకొక్కసారి' అన్నప్పుడే దెబ్బలు తగులుతాయి. ఆ ఇంకొక్కసారి దాహం నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే చివరి పది నిమిషాలు మా క్లాసులో పోల్స్ తుడిపిస్తాను.

వీడియో తీసుకుంటూ ఉండండి, ముందు నుంచి కాదు, పక్క నుంచి. కాళ్లు ఎంత ఎత్తుకు వెళ్లాయో చూడకండి. పాదాలు నేల వదిలిన క్షణంలో ఆపి, చెవికీ భుజానికీ మధ్య ఖాళీ ఉందో లేదో చూడండి.